పూస కట్టిన నెయ్యి, పట్టేసిన పైపులైను

డెహ్రాడూన్‌లో డిసెంబరు వచ్చిందంటే మా హాస్టల్ గదిలో కొబ్బరినూనె సీసా ఇక రాయే. 24, 25 డిగ్రీల కిందికి దిగితే చాలు, ఆ నూనె గడ్డకడుతుంది. ఇక్కడ తెల్లవారుజామున ఐదు డిగ్రీలుంటుంది. తలకి రాసుకోవాలంటే సీసాని వేడినీళ్ల మగ్గులో పావుగంట నిలబెట్టాలి, లేదా స్పూనుతో తవ్వుకోవాలి. రాజోలు దగ్గర కొబ్బరిచెట్ల మధ్య పెరిగినదాన్ని, నూనె తవ్వుకునే రోజొకటి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

నా పీహెచ్‌డీ కూడా గడ్డకట్టే నూనె గురించే. కాకపోతే అది భూమిలోంచి వచ్చే ముడిచమురు. అందులో మైనం ఉంటుంది. చల్లబడితే ఆ మైనం పేరుకుని, చమురు పైపులో కదలనని మొండికేస్తుంది. అలా మొండికెయ్యకుండా ఏం కలపాలి, ఎంత కలపాలి, కలిపింది ఎన్నాళ్లు పనిచేస్తుంది, నాలుగేళ్లుగా నా బతుకంతా ఇదే. నేను కలిపేదాన్ని నానోహైబ్రిడ్ అంటారు. ఈ మాట ఇంట్లో చెప్పిన రోజు నాన్న, "మన ఎరువుల కొట్లో నానో యూరియా అమ్ముతున్నారు, అలాంటిదామ్మా?" అని అడిగారు. "ఇంచుమించు" అన్నాను. ఇంచుమించు కూడా కాదు గానీ, సంక్రాంతికి వెళ్లిన నాలుగు రోజుల్లో కెమిస్ట్రీ క్లాసు ఏం పెడతాను? ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాననుకోండి.

మా వైపు చమురు అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది మంట. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలింది. చిన్నప్పుడు డాబా మీద పడుకుంటే తాటిపాక వైపు ఆకాశం ఎర్రగా కనిపించేది. అక్కడ 2001 నుంచి ఒక చిన్న రిఫైనరీ ఉంది, ఏడాదికి 66 వేల టన్నులు శుద్ధి చేసేంత. మేం బయటి నుంచి చూసింది మంటనే. లోపల పనిచేసేవాళ్ల రోజువారీ తలనొప్పి మాత్రం మైనం. ఈ సంగతి నాకు మొదట తెలిసింది మా బాబాయ్ వల్ల.

బాబాయ్ కొన్నాళ్లు కాంట్రాక్టు మీద బావుల దగ్గర ఆపరేటర్‌గా చేశాడు. ఎవరి దగ్గర, ఏ బావి అన్నది ఇక్కడ అనవసరం. నేను ఇంటర్ చదివే రోజుల్లో, ధనుర్మాసంలో ఒక రాత్రి ఇంటికి రాలేదు. పొద్దున్నే ఒళ్లంతా నల్లటి మరకలతో వచ్చి, పెరట్లో కిరసనాయిలుతో చేతులు తోముకుంటూ, "లైను పట్టేసిందమ్మా" అన్నాడు. పంపు ట్రిప్పయి ఐదారు గంటలు పారడం ఆగిపోయిందట. భూమి లోపల్నుంచి వచ్చేటప్పుడు కాగిన నూనెలా పారే క్రూడ్, కాలవ గట్టు పక్కన పైపులో ఆ కాసేపట్లోనే చల్లారి బూట్ల పాలిష్‌లా తయారయింది. మళ్లీ పంపు వేస్తే గేజిలో ముల్లు ఎగబాకడమే తప్ప అవతలి చివర చుక్క రాలలేదు. చివరికి పైపుకి స్టీము పట్టి, కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ తెల్లవార్లూ కూర్చున్నారు.

మా కోనసీమ చలి ఏపాటిది? రాత్రి పద్దెనిమిది డిగ్రీలకి దిగితే మఫ్లర్లు తీస్తాం. మైనానికి ఆ పద్దెనిమిదే చాలు. పైపే కాదు, బావి లోపలి గొట్టానికి కూడా మైనం పడుతుంది. తీగకి స్క్రాపర్ కట్టి దింపి గీకుతారు. "పొద్దున్నే నాలిక గీసుకోవట్లేదా, అలాగే దానికీ గియ్యాలి" అనేవాడు బాబాయ్.

ఇంతకీ ఏమిటీ మైనం? కొవ్వొత్తిలో ఉండేదే. పద్దెనిమిదో, ఇరవయ్యో, అంతకన్నా ఎక్కువో కార్బన్లు వరసగా కట్టుకున్న దండలు. కొమ్మలూ రెమ్మలూ లేని తిన్నటి గొలుసులు కాబట్టి చల్లబడితే కట్టెల మోపులా పక్కపక్కన సర్దుకుంటాయి. వేడిగా ఉన్నంతసేపూ చమురులో కరిగిపోయి జాడ తెలియదు. ఒక దశకి దిగాక మొదటి పలుకు తేలుతుంది. ఇంకా చల్లబడితే పలుకులు పల్చటి పలకలవుతాయి, ఆ పలకలు ఒకదానికొకటి ఆనుకుని పేకమేడ కడతాయి. మామూలు పేకమేడ ఊదితే పడిపోతుంది. ఈ మేడ మాత్రం తన గదుల్లో చమురుని బంధించి పెట్టుకుని పంపుకే ఎదురు తిరుగుతుంది.

మొదట్లో నన్ను ఆశ్చర్యపరిచింది ఇందులోని లెక్క. చమురంతా గట్టిపడక్కర్లేదు. నూటికి రెండు వంతుల మైనం పలకలుగా విడిపడితే చాలు, మిగతా తొంభై ఎనిమిది వంతుల ద్రవాన్నీ కదలకుండా నిలబెట్టెయ్యగలదు. జున్ను గుర్తు తెచ్చుకోండి. అందులో చాలామటుకు నీళ్లే, అయినా గిన్నె వంచితే కారదు. చమురు వంచితే కదిలే ఆఖరి ఉష్ణోగ్రతని పోర్ పాయింట్ అంటారు. ఈ పోస్టులో ఆ మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మన దేశంలో ఈ చిక్కుని ఎదుర్కొన్న పద్ధతుల్లో రెండంటే నాకు ఇష్టం. ఒకటి రాజస్థాన్‌లో బార్మేర్ జిల్లాది. 2004లో అక్కడ మంగళ అనే చమురు క్షేత్రం బయటపడింది. దాని పోర్ పాయింట్ 40 డిగ్రీల పైమాటే. అంటే మన దగ్గర మామూలు ఎండాకాలపు రోజున నీడలో పెట్టినా అది గడ్డగానే ఉండొచ్చు. అందుకని గుజరాత్ తీరం దాకా ఆరు వందల పైచిలుకు కిలోమీటర్ల పైపుని పొడవునా వేడి చేస్తూ, చుట్టూ రగ్గు కప్పినట్టు ఇన్సులేషన్ వేసి తీసుకెళ్లారు. లోపల చమురుని 65 డిగ్రీల దగ్గర ఉంచాలి. దారి పొడవునా వేడి చేసే స్టేషన్లు, వాటికి కరెంటు కోసం పక్కనే ఒక గ్యాస్ పైపు. పనిచేస్తోంది, అందులో సందేహం లేదు. కానీ పొయ్యి ఆర్పకుండా కూర్చోవడమే అది, ఏడాది పొడవునా.

రెండోది అస్సాంది. 1960ల్లో నహర్‌కటియా నుంచి బీహార్‌లోని బరౌనీ దాకా 1157 కిలోమీటర్ల పైపు వేశారు. ఆ చమురు ఇంచుమించు 30 డిగ్రీలకే ఆగిపోయే రకం, దారిలో చలికాలం ఉంది. నహర్‌కటియా దగ్గరి దులియాజాన్‌లో ఏం చేసేవారంటే, పైపులోకి పంపే ముందు చమురుని 95 డిగ్రీల దాకా కాచి, కొంత చల్లార్చి, ఆ తర్వాత అసలు కదపకుండా 18 డిగ్రీలకి దించేవారు. అలా కాచి చల్లార్చిన చమురు, కాచని చమురు కన్నా బాగా చలి దాకా పారుతుంది. అందులో ఏమీ కలపలేదు. మైనం ఎంతుందో అంతే ఉంది. కాచిన తీరు, చల్లార్చిన తీరు మారాయి, అంతే.

ఇది మొదటిసారి చదివినప్పుడు కుర్చీలోంచి లేచి అమ్మకి ఫోన్ చేశాను. ఎందుకంటే ఇది మా మామ్మ నెయ్యి కాచే పద్ధతి.

మామ్మ వెన్న కాచే రోజు వంటింట్లో ఎవరూ అడుగు పెట్టకూడదు. సన్నసెగ మీద కాచి, చివర్లో తమలపాకు వేసి, వడగట్టి, గిన్నెని గూట్లో పెట్టి, "ఎవరైనా కదిపారో, ఊరుకోను" అనేది. తెల్లారేసరికి నెయ్యి పూస కట్టేది. రవ్వంతేసి గుండ్రటి పలుకులు, వాటి మధ్య పచ్చగా మెరిసే ద్రవం. స్పూను వేస్తే మెత్తగా జారుతుంది. ఒకసారి చుట్టాలొస్తున్నారని అమ్మ తొందరపడి వేడి నెయ్యిని ఫ్రిజ్‌లో పెట్టింది. నున్నగా ఒకటే గడ్డ అయి కూర్చుంది. దాన్ని పెకలించబోతే స్పూను వంగింది. మామ్మ అమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు.

నెయ్యిలో కొవ్వు వేరు, చమురులో మైనం వేరు, నాకు తెలుసు. కెమిస్ట్రీ మిత్రులు కామెంట్లలో విరుచుకుపడక్కర్లేదు. కానీ నా పని ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను: మైనం గట్టిపడకుండా ఆపడం మన తరం కాదు, అది గడ్డ కాకుండా పూస కట్టేలా చెయ్యాలి. పూసలు ఎన్నున్నా పక్కకి దొర్లుతాయి. పేకమేడ కట్టవు.

పొయ్యి పెట్టకుండా మందు కలిపి ఈ పని చేయించే ప్రయత్నాలు కొత్తవి కావు. వాటిలో బాగా వాడుకలో ఉన్నది ఈవీఏ అనే పాలిమర్. చూడ్డానికి సగ్గుబియ్యంలా ఉంటుంది. స్పోర్ట్స్ షూల అడుగుభాగంలో, గన్‌లో పెట్టి కరిగించే జిగురు పుల్లల్లో ఉండేది ఇదే. దీని గొలుసులో కొంత భాగం మైనం లాంటిదే కాబట్టి మైనం పలకలో చోటు సంపాదిస్తుంది. తక్కిన భాగం మైనానికి గిట్టనిది, పక్క పలకని దగ్గరికి రానివ్వదు. పెళ్లి భోజనాల్లో మన బంతిలోనే కూర్చుని అటూ ఇటూ ఎవరితోనూ పడని చుట్టం ఉంటాడే, అచ్చం అలాగ. దానివల్ల మేడ సగంలో ఆగుతుంది. చిక్కేమిటంటే, ఆ చుట్టం ఎంతసేపు కూర్చుంటాడో చెప్పలేం. చమురుని మళ్లీ కొంచెం వేడి చేసి చల్లార్చినా, పంపులో చిలికినా మందు గుణం తగ్గుతుంది. పైపులో ఆ రెండూ జరుగుతూనే ఉంటాయి.

అక్కడ వస్తుంది నా మట్టి. నిజంగా మట్టే, బెంటొనైట్. బావులు తవ్వేటప్పుడు డ్రిల్లింగ్ మడ్‌లో కలిపేది. గుజరాత్ కచ్‌లో గనులున్నాయి, బార్మేర్ జిల్లాలో కూడా ఉన్నాయి. గడ్డకట్టే చమురూ ఆ జిల్లాలోనే, దానికి మందు కాగల మట్టీ ఆ జిల్లాలోనే ఉండటం నాకు భలే సరదా. ఈ మట్టిలోని ముఖ్య ఖనిజం పొరలు పొరలుగా ఉంటుంది, మడత కాజాలా. ఒక్కో పొర మందం ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. నా టైటిల్‌లో ఉన్న "నానో" అంతా ఇదే.

ఈ మట్టికి నీళ్లంటే ప్రాణం, నూనె అంటే గిట్టదు. ముందు దాని మనసు మార్చాలి. అందుకు పొడుగు తోక ఉన్న ఒక అమ్మోనియం లవణం వాడతాను. తలస్నానం తర్వాత రాసుకునే కండిషనర్‌లో ఉండే పదార్థాల కుటుంబమే. అది మట్టి పొరల మధ్య ఉన్న సోడియాన్ని గెంటేసి తాను చేరుతుంది. తోకలు పొరల్ని ఎడం చేస్తాయి. పొరకీ పొరకీ మధ్య 1.2 నానోమీటర్ల దూరం రెండు దాటుతుంది. ఎక్స్‌రే గ్రాఫులో ఏడు డిగ్రీల (ఇది కోణం, వేడి కాదు) దగ్గరుండే శిఖరం నాలుగు దగ్గరికి జరుగుతుంది. అది జరిగిందా లేదా చూసుకోవడానికి మెషీన్ ముందు నిలబడటం పరీక్ష రిజల్ట్స్ రోజు లాంటిదే.

కానీ దానికి ముందు కడగాలి. కడగడం అంటే మామూలుగా కాదు. మిగిలిపోయిన లవణం పోయేదాకా నీళ్లు పొయ్యడం, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, పై నీళ్లు వంపెయ్యడం, మళ్లీ పొయ్యడం. వంపిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తాం. తెల్లటి మబ్బు కనిపిస్తే ఇంకా క్లోరైడ్ ఉందని. బియ్యం కడుగు నీళ్లు మూడోసారికి తేటపడతాయి, ఇవి ఎనిమిదోసారికి కూడా పడవు. నురగ సంగతి సరేసరి. ఒకసారి విసుగొచ్చి ఆరో కడుగుకే ఆపేసి ఆరబెట్టాను. ఆ బ్యాచ్ చమురులో వేసిన మర్నాటికి అడుగున బురదలా దిగిపోయింది. వారం పని సింకు పాలు.

తేటగా కడిగిన మట్టిని ఆరబెట్టి, నూరి, జల్లించి, టోలీన్ అనే ద్రావణిలో కరిగించిన ఈవీఏతో వేడిగా కలుపుతాను. పాలిమర్ గొలుసులు పొరల మధ్యకి దూరి, అంచుల మీద అతుక్కుంటాయి. టోలీన్ పోయాక మిగిలేది పసుపుపచ్చటి సాగుడు ముద్ద. అదే నానోహైబ్రిడ్. నాన్నకి ఫొటో పంపిస్తే "తేనెపట్టులా ఉందే" అన్నారు.

ఇది చేసే పని పటికబెల్లంలో దారం చేసే పని. చిక్కటి చక్కెర పాకంలో దారం వేలాడదీస్తే చక్కెర పలుకులు దాని చుట్టూ చేరతాయి కదా. చమురు చల్లబడేటప్పుడు పాలిమర్ అంటుకున్న మట్టి రేణువులు అలాంటి ఆసరా ఇస్తాయి. మైనం ఎక్కడపడితే అక్కడ పల్చటి పలకగా తేలకుండా వాటి మీద మొదలై, చుట్టూ పేరుకుని, గుండ్రంగా ముద్ద కడుతుంది. పాలిమర్ చెదిరిపోకుండా మట్టి దాన్ని పట్టి ఉంచుతుంది. వేసే మోతాదు 500 పీపీఎం, అంటే టన్ను చమురుకి అర కిలో.

ఇప్పుడు నా పరువు పోయిన కథ.

పోర్ పాయింట్ చూసే పరీక్ష వినడానికి తేలిక. గాజు జారులో గీత దాకా చమురు పోసి, థర్మామీటర్ గుచ్చి, చల్లటి బాత్‌లో పెడతాం. మూడు డిగ్రీలు తగ్గినప్పుడల్లా బయటికి తీసి వంచి చూస్తాం. కదిలితే వెంటనే లోపల పెట్టెయ్యాలి. ఒక చోటికొచ్చాక జారుని పూర్తిగా అడ్డంగా పడుకోబెట్టి ఐదు సెకన్లు లెక్కపెట్టినా చమురు కదలదు. అప్పుడు దాని మీద మూడు కలిపి రాసుకుంటాం. ఇంత పెద్ద పరిశోధన చివరికి ఒక అమ్మాయి అర్ధరాత్రి గ్లవ్స్ వేసుకుని సీసా వంచి "ఒకటి, రెండు, మూడు" అనుకోవడం మీద ఆధారపడి ఉంది. చమురు అంచు జారు గోడ దగ్గర సన్నగా వణికితే అది కదలడమా, నా చెయ్యి వణకడమా? ఊపిరి బిగపట్టి చూడాలి.

మొదటి హైబ్రిడ్‌కి 15 డిగ్రీలొచ్చింది. ఏమీ కలపని చమురుకి అంతకుముందే చూసి పెట్టుకున్నది 33. పద్దెనిమిది డిగ్రీల తేడా! ఆ రాత్రి హాస్టల్‌కి నడవలేదు, తేలుతూ వెళ్లాను. ఇంటికి ఫోన్ చేసి నిద్రలేపి మరీ చెప్పాను. మర్నాడు ల్యాబ్ మీటింగ్‌లో గ్రాఫు చూపించాను. మా గైడు కాసేపు చూసి, పెద్దగా గొంతు పెంచకుండా, "బ్లాంక్‌ని ఎంతకి వేడి చేశావ్?" అని అడిగారు.

బ్లాంక్ అంటే ఏమీ కలపని చమురు. దాన్ని యాభైకి. హైబ్రిడ్ కలిపినదాన్ని మాత్రం, పాలిమర్ బాగా కరగాలని, ఎనభైకి వేడి చేశాను.

పైన దులియాజాన్ కథ చదివారుగా? నేనూ చదివాను. సెమినార్‌లో చెప్పాను కూడా. ఎక్కువ కాచి చల్లార్చిన చమురు ఏ మందూ లేకుండానే మెరుగవుతుందని అందరికీ చెప్పిన మనిషిని, నా ప్రయోగంలో అదే మరిచిపోయాను. చమురుకి జ్ఞాపకం ఉంటుంది. ఇంతకుముందు ఎంతకి కాగింది, ఎలా చల్లారింది అన్నది తర్వాతి ప్రవర్తనలో కనబడుతుంది. పాత జ్ఞాపకం చెరిపెయ్యాలంటే రెంటినీ ఒకే వేడి దాకా కాచాలి.

మళ్లీ మొదటి నుంచి చేశాను. బ్లాంక్‌ని ఎనభైకి కాస్తే 33 కాస్తా 27 అయింది. ఈవీఏ ఒక్కటే వేస్తే 18. హైబ్రిడ్ వేస్తే 15. అంటే నేను గొప్పగా చూపించిన పద్దెనిమిదిలో పొయ్యి వాటా ఆరు, ఈవీఏ వాటా తొమ్మిది, నా నానో వాటా మూడు. మూడంటే ఆ పరీక్షలో ఒక్క మెట్టు. నా చెయ్యి వణికితే వచ్చేంత తేడా.

వారం రోజులు అన్నం సయించలేదు. టెన్షన్ ఒకెత్తు, ఇంట్లో వాళ్లని నిద్రలేపి మరీ చెప్పిన సిగ్గు ఒకెత్తు. అమ్మ ఫోన్ చేసి "ఏమ్మా, ఆ పద్దెనిమిది ఏమైంది?" అంటే ఏం చెప్పను?

ఆ వారంలోనే, ఏం తోచక, ఇంటి నుంచి తెచ్చుకున్న మామ్మ నెయ్యి చిటికెడు తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద పెట్టాను. మా దాంట్లో పోలరైజ్డ్ లైట్ ఉంటుంది. ద్రవం నల్లగా, స్ఫటికాలు తెల్లగా వెలుగుతూ కనిపిస్తాయి. మామూలు చమురుని అందులో చూస్తే కొబ్బరి కోరు చల్లినట్టుంటుంది. సన్నటి తెల్లటి పుల్లలు, సందు లేకుండా, ఒకదానిమీద ఒకటి. పలకలు అంచు మీద నిలబడితే అలా పుల్లల్లా కనిపిస్తాయి. నెయ్యి అలా లేదు. గుండ్రటి వెలుగు ముద్దలు, మధ్య మధ్య విశాలమైన నలుపు. ఆ నలుపే ద్రవానికి దారి. వెంటనే హైబ్రిడ్ వేసిన చమురు పెట్టాను. మామ్మ నెయ్యి అంత అందంగా లేకపోయినా అదే తీరు. ముద్దలు, నలుపు, ముద్దలు. ఈవీఏ ఒక్కటే వేసినదానిలో ముద్దలున్నాయి గానీ చిన్నవి, చెదురుమదురుగా, మధ్యలో పుల్లలు కూడా.

బొమ్మలో ఇంత తేడా ఉంటే అంకెలో ఒక్క మెట్టేనా? అప్పటికి వెలిగింది, నేను తప్పు అంకెని పట్టుకు వేలాడుతున్నానని. మందు కొత్తగా ఉన్నప్పుడు ఎంత తగ్గించిందన్నది కాదు, పైపులో పడే తిప్పలన్నీ పడ్డాక ఎంత నిలబెట్టిందన్నది చూడాలి. అన్ని సీసాల్నీ మళ్లీ యాభైకి వేడి చేసి చల్లార్చడం మొదలుపెట్టాను. యాభై అంటే చమురుకి చెడ్డ చోటు. మైనం పూర్తిగా కరగదు, పూర్తిగా మిగలదు, కట్టిన పూసలు సగం విడిపోతాయి. రోజుకొకసారి చొప్పున రెండు వారాలు. ఈవీఏ ఒక్కటే ఉన్న సీసా 18 నుంచి 24కి ఎక్కింది. హైబ్రిడ్ సీసా 15 నుంచి 18కి ఎక్కి అక్కడే ఆగింది. ఈసారి ఇంటికి ఫోన్ చెయ్యలేదు. మూడుసార్లు చేసి, జూనియర్ చేత కళ్లకు గంతలు కట్టినట్టు సీసాల పేర్లు దాచి వంచి చూపించి, అప్పుడు గైడుకి చెప్పాను. ఆయన "ఊఁ" అన్నారు. ఆయన ఊఁ అంటే చాలా ఎక్కువ.

ఈ రంగంలో పేపర్లు చదువుతుంటే నాకు రెండు విషయాలు గుచ్చుకుంటాయి. ఒకటి, "నానో" అన్న మాట కనపడితే చాలు, జనం పాలిమర్ వాటానీ పొయ్యి వాటానీ దాని ఖాతాలో రాసేస్తారు. నేనూ రాశాను కాబట్టి అనే హక్కుంది. రెండు, చాలామంది శుద్ధమైన పారాఫిన్‌ని ఏదో తేలిక నూనెలో కరిగించి అదే చమురు అంటారు. నిజం చమురులో నల్లటి ఆస్ఫాల్టీన్లు, జిగురు రెజిన్లు ఉంటాయి, అవి తమ వంతుగా మైనాన్ని ఆడిస్తాయి. శుద్ధ పారాఫిన్‌లో దివ్యంగా పనిచేసిన మందు క్రూడ్‌లో చేతులెత్తెయ్యొచ్చు. ఒక ఊరి చమురుకి పనికొచ్చింది పక్క ఊరి చమురుకి పనికిరాకపోవచ్చు. ఆవు నెయ్యికీ గేదె నెయ్యికీ పూసలో తేడా ఉన్నట్టే.

రిఫైనరీ వైపు నుంచి వచ్చే ప్రశ్న ఇంకోటుంది: ఈ మట్టి చివరికి ఎక్కడ తేలుతుంది? నా ముద్దలో మట్టి నూటికి ఐదు వంతులు. టన్ను చమురుకి అర కిలో ముద్ద అంటే 25 గ్రాముల మట్టి. టీకప్పు అడుగు నిండదు. కానీ రోజుకి పది వేల టన్నులు పారే లైనైతే పావు టన్ను మట్టి. ఇది ట్యాంకు అడుగున దిగుతుందా, ఉప్పు కడిగే దగ్గర నీళ్లలోకి పోతుందా, చివరి తారులో మిగులుతుందా అన్నది ఇంకొకరి థీసిస్. నా దాంట్లో ఒక అధ్యాయం అయితే తప్పదు అంటున్నారు గైడు. వద్దు బాబోయ్ అంటున్నాను నేను.

మొన్న సంక్రాంతికి ఇదంతా బాబాయ్‌కి చెప్పాను. ఇప్పుడాయన ఆ పని మానేసి కొబ్బరికాయల లోడింగు చూసుకుంటున్నాడు. అరుగు మీద కూర్చుని, ఫోన్లో మైక్రోస్కోపు బొమ్మలు ఒక్కొక్కటీ జరుపుకుంటూ ఓపిగ్గా విన్నాడు. మామ్మ మధ్యలో వచ్చి తన నెయ్యి బొమ్మ చూసి, "ఇదేంటే, సగ్గుబియ్యం పాయసమా?" అని వెళ్లిపోయింది.

"అంతా బానే ఉంది గానీ అమ్మలూ, కేజీ ఎంత పడుద్ది?" అన్నాడు బాబాయ్.

"ఇంకా గ్రాముల్లోనే చేస్తున్నాం బాబాయ్."

"సరే. మరి ఆవేళ రాత్రి మా లైను పట్టేసింది చూడు, అప్పుడు ఇది పోసుంటే?"

"పట్టేశాక పోస్తే లాభం లేదు. చమురు వేడిగా ఉండగానే, మైనం తేలకముందే కలిసిపోవాలి. ముందే కలిపి ఉంటే, పంపు ఆగినా మళ్లీ వేసినప్పుడు కదిలేదేమో."

"కదిలేదేమోనా, కదిలేదా?"

"కదిలేదేమో."

బాబాయ్ ఫోన్ నా చేతికిచ్చేశాడు. "అయితే స్టీము బాయిలరు అమ్మెయ్యొద్దని చెబుతాలే మావోళ్లకి."